పిల్లి తిరగని ఇల్లు

దర్శిలో గోతాల వ్యాపారం చేసే గౌస్ బాషాకి ముగ్గురు ఆడపిల్లలు. నడిమిది సిద్దికా. మిర్చికీ పత్తికీ వాడేసిన పాత గోతాలు కొని, చిరుగులు కుట్టించి మళ్లీ అమ్మడం ఆయన పని. ఇంటి వెనక రేకుల షెడ్డులో గోతాలు పైకప్పు దాకా పేర్చి ఉండేవి. ఎలుకలు కొట్టెయ్యకుండా మూడు పిల్లుల్ని పెంచాడు. అవి షెడ్డులో కంటే ఇంట్లోనే ఎక్కువ ఉండేవి.

సిద్దికాకి ఏడో ఏట ఆయాసం మొదలైంది. మిర్చి ఘాటు పడటం లేదని కొందరు, గోతాల దుమ్మని కొందరు అన్నారు. తల్లి జాన్‌బీ పిల్లని షెడ్డు వైపు పోనివ్వకుండా ఇంట్లోనే మంచం మీద పడుకోబెట్టేది. పిల్లి వచ్చి కాళ్ల దగ్గర ముడుచుకునేది. ఆయాసం తగ్గకపోగా ఇంకా ఎక్కువయ్యేది. ఎండాకాలం సెలవులకి పొదిలిలో పిన్నమ్మ ఇంటికి పంపితే మాత్రం మూడో రోజుకల్లా తేరుకునేది. పొదిలి నీళ్లు పడ్డాయని అందరూ అనుకున్నారు.

అసలు సంగతి గుంటూరులో నర్సింగు చదివేటప్పుడు తేలింది. హాస్టల్ వంటవాళ్లు చేరదీసిన పిల్లి ఒకటి గదుల్లో తిరిగేది. రెండో ఏడాది ఒకనాటి పొద్దున సిద్దికా పెదాలు నీలం తిరిగి పడిపోతే తోటి పిల్లలు ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తారు. కోలుకున్నాక ఎలర్జీ డాక్టరు ఆమె ముంజేతి మీద వరసగా మందు చుక్కలు వేసి, ఒక్కో చుక్క దగ్గర సూదితో గుచ్చి, పావుగంట ఆగమన్నాడు. దుమ్ము చుక్క దగ్గర కాస్త ఎర్రబడింది. పిల్లి చుక్క దగ్గర రూపాయి బిళ్లంత దద్దురు లేచింది.

"పిల్లి ఉన్న ఇంట్లోనే కాదమ్మా, మొన్నటిదాకా ఉండి పోయిన ఇంట్లో కూడా ఉండకూడదు. దాని ఒంటి మీంచి రాలే పొట్టు పరుపుల్లో, తివాచీల్లో నెలల తరబడి ఉంటుంది" అని డాక్టరు చెప్పాడు.

ఈ కబురు ఫోన్‌లో విన్న రోజే గౌస్ బాషా మూడు పిల్లుల్నీ బుట్టలో పెట్టుకుని తీసుకెళ్లి ఒక పత్తి మిల్లు వాచ్‌మన్‌కి ఇచ్చేశాడు. కూతురితో ఆ మాట ఎత్తలేదు. చెల్లెలు చెబితే సిద్దికాకి తెలిసింది.

గుంటూరులోనే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఉద్యోగం, ఏసీలు బాగుచేసే మాలిక్‌తో పెళ్లి, ఒక కూతురు. పెళ్లిచూపుల్లో అమ్మాయి ఏమైనా అడుగుతుందా అని పెద్దవాళ్లు అడిగినప్పుడు, మీ ఇంట్లో పిల్లి ఉందా అని అడిగిందట. లేదన్నాడు మాలిక్. పక్కింట్లోనో అంది. వాళ్లకి కోళ్లున్నాయన్నాడు. ఆ సంబంధం అలా కుదిరింది. చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంటారు.

ముప్పై ఆరో ఏట సిద్దికాకి ఐర్లండ్‌లో ఉద్యోగం వచ్చింది. పడమటి తీరంలో గాల్వే అనే ఊరు. ఆరువారాల వరకూ ఉండటానికి ఆస్పత్రివాళ్లే గది ఇస్తారు, ఆ తర్వాత ఎవరిల్లు వాళ్లు చూసుకోవాలి. తనతో గుంటూరులో పనిచేసి రెండేళ్ల ముందే అక్కడికి వెళ్లిన ఆరాధన, ఉద్యోగం దొరకడం తేలికే, ఇల్లు దొరకడమే కష్టమని చెప్పింది. ఒక్క గదికి నలభై మంది వస్తారట. జబ్బు గురించి ఇల్లు అడిగే మెసేజ్‌లో రాయొద్దు, రాస్తే జవాబే ఇవ్వరని కూడా చెప్పింది. సిద్దికా వినలేదు. ముందు దాచి తర్వాత చెప్పడం తనకి చేతకాదంది. ప్రతి మెసేజ్‌లోనూ రెండో వాక్యంలోనే విషయం రాసింది.

గుంటూరు నుంచే వెతకడం మొదలుపెట్టింది. యాభై మందికి రాస్తే ఎనిమిది మంది పలికారు. అందులో ఒకాయన వీడియో కాల్‌లో ఇల్లంతా చూపించాడు. పిల్లి లేదన్నాడు. గది బాగుంది, ఆస్పత్రికి నడిచి వెళ్లొచ్చు. సిద్దికా సరేనని చెప్పబోతుంటే, పక్కన కూర్చుని చూస్తున్న మాలిక్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"వంటింటి తలుపు కింద చదరంగా ఇంకో చిన్న తలుపు ఉంది చూడు. అదేంటో అడుగు."

అడిగింది. పిల్లి వచ్చిపోవడానికి పెట్టిన తలుపేనని, కానీ ఆ పిల్లి పోయి మూడు వారాలైందని చెప్పాడు. సిద్దికా ఆయనకి థ్యాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసింది. ఆ పూట ఇంకెవరికీ రాయలేదు.

ఇల్లు కుదరకుండానే విమానం ఎక్కింది.

అక్కడికి వెళ్లాక తనకంటూ ఒక పద్ధతి పెట్టుకుంది. ఇల్లు చూడటానికి వెళ్తే, ఇరవై నిమిషాలు ఇక్కడ కూర్చోవచ్చా అని అడిగేది. పిల్లి తిరిగిన చోటైతే పది నిమిషాలకే కళ్లు దురద పెట్టేవి, పావుగంటకి గొంతు పట్టేసేది. బయట వరసలో ఇంకా పాతిక మంది నిలబడి ఉంటే ఎవరు కూర్చోనిస్తారు? ఇంటివాళ్లు ఆమెను వింతగా చూసేవాళ్లు. ఒకావిడ, నీకు ఇల్లు కావాలా విశ్రాంతి కావాలా అని నవ్వింది. సిద్దికా కూడా నవ్వి, కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చేసింది. ఆ ఇంట్లో రెండు పిల్లులున్నాయి.

అయిదో వారంలో ఇద్దరు నర్సులు తమ ఫ్లాట్‌లో ఒక గది ఖాళీ అయిందన్నారు. వాళ్లెప్పుడూ పిల్లిని పెంచలేదు. కూర్చుని చూస్తే బాగానే ఉంది. చేరిపోయింది. మూడోనాడు తెల్లవారుతుండగా ఊపిరి అందలేదు. ఇన్‌హేలర్ పనిచెయ్యలేదు. తను డ్యూటీ చేసే ఆస్పత్రికే అంబులెన్స్‌లో వచ్చి, తను రోజూ దుప్పట్లు మార్చే మంచాల్లో ఒకదాని మీద రెండు రోజులు పడుకుంది. ఆ గదిలో మంచం, పరుపు ఎవరి దగ్గరో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవని, వాళ్లింట్లో పిల్లి ఉండేదని తర్వాత తెలిసింది. చూడటానికి వెళ్లిన రోజున ఆమె కూర్చున్నది కిటికీ దగ్గర చెక్క కుర్చీలో.

ఆస్పత్రివాళ్లు పాత గదిని ఇంకో మూడు వారాలు వాడుకోనిచ్చారు. సిద్దికా మాలిక్‌కి ఫోన్ చేసి, ఇక్కడ నాకు చోటున్నట్టు లేదండీ అంది. అతను ఏడవొద్దని చెప్పలేదు, ఆమె ఏడవలేదు కూడా.

"వచ్చెయ్యాలనిపిస్తే వచ్చెయ్. ఎవరేమనుకుంటారోనని మాత్రం ఉండొద్దు" అన్నాడు.

మూడు వారాలూ చూస్తాను అంది.

ఆ వారంలోనే మొరీన్ అనే ఆవిడ ప్రకటన కనిపించింది. ఎనభై దాటిన బడిపంతులమ్మ. భర్త లేడు, పిల్లలు లేరు. మేడ మీద రెండు గదులు, నెమ్మదైన మనిషికి ఇస్తానని రాసింది. ఫోన్‌లో అడిగితే పిల్లి ఉందని ముందే చెప్పేసింది. అయినా ఒకసారి రమ్మంది, గేటు దగ్గరే మాట్లాడుకుందామంది. ఆ గొంతు నచ్చి సిద్దికా వెళ్లింది. సన్నగా జల్లు పడుతుంటే ఒకరు గేటు లోపల, ఒకరు బయట గొడుగులేసుకుని అరగంట మాట్లాడుకున్నారు. గుంటూరు ఎక్కడుంది, అక్కడేం పండుతుంది, కూతురు ఏం చదువుతోంది అన్నీ అడిగింది మొరీన్. కిటికీలోంచి బూడిదరంగు పిల్లి ఒకటి వాళ్లనే చూస్తోంది.

చివరికి మొరీన్, పిల్లిని మా చెల్లెలింటికి పంపేస్తాను, వచ్చేవారం చేరిపొమ్మంది.

సిద్దికా ఇంకో పదమూడు రోజుల్లో ఆస్పత్రి గది ఖాళీ చెయ్యాలి. తివాచీలు తీయించి, గోడలు కడిగించి, రెండు మూడు నెలలు మందుల మీద నెట్టుకొస్తే ఎలా ఉంటుందని లెక్కవేసుకుంది. ఆ పిల్లి ఎన్నేళ్లుగా ఉందని అడిగింది. పన్నెండేళ్లట. భర్త పోయిన ఏడాది తెచ్చుకుందట.

"పంపకండి. అది వెళ్లిపోయినా నేను ఈ ఇంట్లో ఊపిరి తీసుకోలేను. మీకు అదీ లేకుండా పోతుంది" అంది సిద్దికా.

మొరీన్ తల ఊపి, సిద్దికా ఫోన్ నంబరు కాగితం మీద రాయించుకుంది. కాగితం తడవకుండా కోటు లోపలి జేబులో పెట్టుకుంది.

నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేసింది. చర్చికి వచ్చేవాళ్లందర్నీ అడిగానని, ఎవరింట్లోనో కుక్కలున్నాయి, ఎవరింట్లోనో చోటు లేదని, చివరికి తన మేనల్లుడు గుర్తొచ్చాడని చెప్పింది. అతనికి సైకిళ్లు బాగుచేసే కొట్టుంది. దాని మీద కొత్తగా రెండు గదులు కట్టిస్తున్నాడు. ఇంకా రంగులు వెయ్యలేదు, అద్దెకిచ్చే ఆలోచన కూడా లేదు. తను చెబితే ఒప్పుకున్నాడు.

సిద్దికా వెళ్లి చెక్క నేల మీద కూర్చుంది. ఇరవై నిమిషాలు అయ్యాయి. కళ్లు బాగానే ఉన్నాయి. అరగంట అయింది. మేనల్లుడు మెట్ల మీద నిలబడి, ఇక చాలా అని అడిగాడు. ఇంకో పది నిమిషాలు అంది. అతను కిందికెళ్లి ఒక సైకిల్‌కి పంక్చర్ వేసి వచ్చాడు. అప్పటికీ ఆమె అలాగే గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నిద్రపోతోందనుకుని అతను పిలవలేదట. నిద్ర కాదు. ఊపిరి ఎంత దూరం లోపలికి వెళ్తోందో చూసుకుంటున్నానని తర్వాత ఆరాధనతో చెప్పింది.

మంచం, పరుపు కొత్తవి కొంది. పద్నాలుగు నెలల తర్వాత మాలిక్, కూతురు వచ్చారు. మాలిక్‌కి అక్కడ ఇళ్లను వెచ్చబెట్టే యంత్రాల పని దొరికింది. ఊళ్లోకి కొత్తగా వచ్చే మన నర్సులు ఇల్లు చూసుకునే ముందు సిద్దికాకి ఫోన్ చేస్తారు. పరుపు ఎక్కడ కొన్నారో అడగండి అని చెబుతుంది.

ఆదివారాలు మొరీన్ టీకి వస్తుంది. ఉతికిన స్వెట్టర్ ఒకటి ప్లాస్టిక్ కవర్లో కట్టి మేనల్లుడి కొట్లోనే ఉంచింది. దాన్ని వాళ్లింటికి వచ్చేటప్పుడు తప్ప వేసుకోదు. వచ్చీరాగానే కోటు విప్పి సైకిళ్ల మధ్య తగిలించి, చేతులూ మొహం కడుక్కుని, ఆ స్వెట్టర్ తొడుక్కుని నెమ్మదిగా మెట్లెక్కుతుంది. పైనుంచి కూతురు, అమ్మా మొరీన్ గారొచ్చారు అని కేక వేస్తుంది. సిద్దికా కిటికీ తెరిచి, టీకి నీళ్లు పెడుతుంది.