నాలుగో సుడి

మారెప్పకు ఉన్నది ఒకటే జబ్బు. కొత్త సెల్‌ఫోను కంటబడితే వంక పెట్టకుండా ఉండలేడు. ఒక పూట అన్నం లేకపోయినా ఓర్చుకుంటాడు, బీడీ లేకపోయినా ఎలాగో సర్దుకుంటాడు, వంక పెట్టకుండా మాత్రం నౌషాద్ సెల్‌షాపు మెట్టు దిగడు. ఫోన్ల కంపెనీలకు హిందూపురంలో ఇలాంటి మనిషి ఒకడున్నాడని ముందే తెలిసి ఉంటే మన జిల్లాకు సరుకు పంపేవి కావేమో!

ఇంతకీ ఆయన జేబులో ఉండే ఫోను ఏమిటంటారా? నొక్కుడు బటన్ల పాత ఫోను. దానికి రబ్బరు బ్యాండు చుట్టి ఉంటుంది. ఆ బ్యాండు తీస్తే మూత ఒక దిక్కు, బ్యాటరీ ఒక దిక్కు లేచిపోతాయి. ఫోను మోగితే ముందు బ్యాండు సర్ది, తర్వాత 'అలో' అంటాడు. అప్పటికి అవతలివాళ్ళు విసుగొచ్చి పెట్టేసి ఉంటారు.

ఆయన ఒకప్పుడు ఎద్దుల దళారి. పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల సంతల్లో మారెప్ప చూడకుండా ఎద్దు చేతులు మారేది కాదు. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు పలచబడ్డాక, చూడటానికి ఏమీ లేక ఫోన్ల మీద పడ్డాడు. సంత పోయినా సంత అలవాట్లు పోలేదు. అక్కడ ధర నోటితో చెప్పరు కదా. టవాలు కప్పి, దాని కింద ఒకరి చేయి ఒకరు పట్టుకుని వేళ్ళు నొక్కి బేరం తెంచుకుంటారు. చుట్టూ ఊరంతా నిలబడి చూస్తున్నా అంకె ఎవరికీ తెలియదు. మారెప్ప ఇప్పటికీ షాపుకు వచ్చినవాళ్ళను టవాలు కింద చేయి పట్టుకునే పలకరిస్తాడు. ముసలాయన చాదస్తం అనుకుని నౌషాద్ పట్టించుకునేవాడు కాదు.

ఒకరోజు అమరాపురం నుంచి హనుమంతు అనే రైతు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పాపకు పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. అద్దాల బీరువాలో అన్నిటికన్నా పైన కూర్చున్న ఫోనును పాప వేలెత్తి చూపించింది. నౌషాద్ ముఖం వెలిగింది. ఈలోగా మారెప్ప లేచి, హనుమంతు చేతి మీద టవాలు కప్పి "ఏమప్పా, బాగుండావా? వానలెట్ల?" అని అడిగి, ఆ తర్వాత ఫోను అందుకున్నాడు. నౌషాద్ ముఖం ఆరిపోయింది.

"పాపా, ఇట్ల రా. దీని ఈపు సూడు. ఏం కనపడ్తాండాయి?"

"కెమెరాలు తాతా."

"కెమెరాలు కాదు, సుడులు! ఒకటి, రెండు, మూడు. మూడు సుడుల ఎద్దును కట్టుకున్నోడు యాడన్నా బాగుపడినాడా? మీ నాయన్ని అడుగు."

పాప అడక్కముందే హనుమంతు తల అడ్డంగా ఊపాడు.

"ఈ మూపురం సూడు. బల్ల మీద పెడితే కల్లు తాగినోని మాదిరి ఊగుతాది. నౌషాదూ, పెట్టెలో చార్జరు ఉండాదా?"

"అది వేరేగా కొనాల మారెప్పా," అన్నాడు నౌషాద్ పళ్ళు నూరుతూ.

"ఇన్నావా పాపా? ఎద్దును అమ్మి, మేత నువ్వే తెచ్చుకో అంటాండారు. సరే, నన్నొక ఫోటో తీయి."

పాప తీసింది. ఫోటోలో ముడతలన్నీ పోయి మారెప్ప పెళ్ళికొడుకులా నున్నగా మెరిశాడు. దాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఎవరమ్మా ఈయప్ప? నా ముడతలేమైనాయి? డెబ్బై ఏండ్లు ఎండలో తిరిగి సంపాదించుకున్న ముడతలు! ఒక్క నొక్కుతో కాజేసింది. దొంగ ఫోను!"

పాప పగలబడి నవ్వింది. నవ్వి, నవ్వి, కింది అరలోని చవక ఫోను చూపించి "ఆ చిన్నదే తీసుకుందాం నాయనా," అంది. చిన్న ఫోనును మారెప్ప అటూ ఇటూ తిప్పి "ఊఁ, మేస్తాది పో," అన్నాడు. ఆయన నోటి నుంచి వచ్చే అతి పెద్ద పొగడ్త అదే. బేరం తెగిన ఫోనును మాత్రం పల్లెత్తు మాట అనడు. కొట్టంలో కట్టేసినాక వంకలు ఎంచకూడదట, అది సంత నీతి.

"నా అంగడిలో కూర్చోని నా బేరమే చెడగొడితివి కదా! నీకు వేరే చోటే దొరకలేదా మారెప్పా?" అని నౌషాద్ మొత్తుకున్నాడు.

"ఈడ ఫ్యాను బాగుండాదప్పా," అన్నాడు మారెప్ప.

అలాగని అన్ని రోజులూ ఒకేలా ఉండవు. ఒకసారి కాంట్రాక్టరు నాగరాజు కారు దిగి వచ్చి అదే మూడు సుడుల ఫోను అడిగాడు. నౌషాద్ గుండె చిక్కబట్టుకున్నాడు. మారెప్ప చేయి పట్టుకోలేదు, కుశలం అడగలేదు, పేపరు మడత విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నాగరాజు ఫోను కొనుక్కుని పోయాక నౌషాద్ ఆశ్చర్యం పట్టలేక అడిగాడు.

"దానికీ మూడు సుడులు ఉండాయి కదా మారెప్పా?"

"ఔనా? కండ్లద్దాలు ఇంట్లో మరిసిపోయినా అప్పా."

ఆ రోజు నుంచి అయిదు పూటల నమాజులోనూ నౌషాద్ కోరుకునేది ఒక్కటే. మారెప్ప రోజూ కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోవాలి.

ఇలా ఉండగా ఎదురుగా పెద్ద షోరూము తెరిచారు. ఏసీ, రంగుల బెలూన్లు, చెవులు పగిలే పాటలు. దానికి తోడు ఎలుగుబంటి వేషం వేసుకున్న ఒక మనిషి వాకిట్లో గెంతుతూ ఉంటాడు. హిందూపురం ఎండకు ఆ ఎలుగుబంటి గంటకోసారి రోడ్డు దాటి నౌషాద్ షాపుకే వచ్చి నీళ్ళు తాగిపోయేది. ఎలుగుబంటి తప్ప వేరే మనిషి ఆ మెట్టెక్కడం మానేశాడు. ఇంకో ఆరు నెలలు ఇట్లే నడిస్తే షట్టరు దించేసి బావమరిది పంక్చరు షాపులో ట్యూబులు అతికించుకోవాల్సిందేనని నౌషాద్‌కు అర్థమైపోయింది.

అతని కూతురు సుహానా డిగ్రీ చదువుతోంది. షాపు పేరు మీద ఇన్‌స్టాగ్రాంలో పేజీ నడిపేది. నాయన కష్టం చూడలేక, మారెప్ప సుడులు లెక్కపెట్టే వీడియో ఒకటి ఆయనకు చెప్పకుండానే ఎక్కించింది. అది ఎట్లా పాకిందో పాకింది! పెనుకొండ నుంచి ఒకామె "మా ఆయన ఫోనుకు కూడా సుడి చూడు తాతా, రేయింబగలూ అది వదలడు," అని రాసింది. ధర్మవరం పట్టుచీరల షాపాయన "మా చీరలను మాత్రం చూడొద్దు పెద్దాయనా," అని దండం బొమ్మ పెట్టాడు. జనం వచ్చి మారెప్పతో తిట్టించుకుని, సెల్ఫీ తీసుకుని, కొనడానికి మాత్రం ఎదురు షోరూముకు పోయేవాళ్ళు. పేరుకు పేరు వచ్చింది కానీ నౌషాద్ గల్లాపెట్టెకు ఏమీ రాలేదు.

అప్పుడు దిగాడు బెంగళూరు నుంచి చంద్రశేఖర్, ఒక ఫోన్ల కంపెనీ మార్కెటింగు మనిషి.

"సర్, రీచ్ చూశారా! పైసా ఖర్చు లేకుండా! అన్నిటినీ తిట్టే ఈ తాత మా కొత్త మోడల్ గురించి ఒక్క మంచి మాట అంటే చాలు సర్, దాన్ని మించిన యాడ్ లేదు. లాంచ్ మీ షాపులోనే చేద్దాం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడింటికీ మీరే డీలర్."

నౌషాద్ పరుగున పోయి మారెప్ప రెండు చేతులూ పట్టుకున్నాడు. "నా అంగడి నీ నోట్లో ఉండాది మారెప్పా. ఒక్క మాట అను."

మారెప్ప గడ్డం గోక్కుని చంద్రశేఖర్ వైపు చేయి చాచాడు. షేక్‌హ్యాండు అనుకుని అతను చేయి ఇచ్చాడు. దాని మీద టవాలు పడింది.

"అంకుల్, అంకుల్, చక్కిలిగిలి!"

"ఉండప్పా, బేరం. ఇదో, ఒక్క వేలు. ఒక్క మంచి మాట. దానికి మించి అడగకూడదు. టవాలు కింద ఇచ్చిన మాట మారెప్ప తప్పడు."

లాంచ్ రోజు షాపు ముందు ఇసకేస్తే రాలనంత జనం. ఎదురు షోరూము ఎలుగుబంటి కూడా తలకాయ చంకలో పెట్టుకుని వచ్చి నిలబడింది. సుహానా లైవ్ మొదలుపెట్టింది. చంద్రశేఖర్ కోటు వేసుకుని గుంపులో కలయచూసి, ముందు వరసలో ఉన్న ఒక అమ్మాయిని కెమెరా ముందుకు పిలిచాడు. పేరు మల్లిక. ఊరు కొత్తచెరువు. పుట్టపర్తిలో నర్సింగు సీటు వచ్చింది, ఫోను కొనుక్కోవడానికి తల్లి పుట్టమ్మతో వచ్చింది. తళతళలాడే కొత్త ఫోనును ఆమె చేతిలో పెట్టాడు.

"ఎలా ఉంది మేడం?"

"శానా బాగుండాది! మా, ఇదే కొందాం మా!"

జనం చప్పట్లు కొట్టారు. పుట్టమ్మ నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఊరంతా చూస్తుంటే కూతురికి ఏమని చెబుతుంది? జనంలోంచి పక్కకు జరుగుతూ వచ్చి మారెప్ప దగ్గర నిలబడింది. మారెప్ప పలకరింపుగా టవాలు కప్పాడు.

"ఇప్పుడు మన సుడుల తాత గారి మాట!" అని అరిచాడు చంద్రశేఖర్.

అందరూ ఊపిరి బిగబట్టారు. అందరికన్నా ఎక్కువగా నౌషాద్ బిగబట్టాడు.

"ఒక్క మంచి మాట చెప్తానని మాటిచ్చినా," అంటూ మారెప్ప లేచి, ఫోను పక్కనబెట్టి, అది వచ్చిన డబ్బా ఎత్తి అందరికీ చూపించాడు. "ఈ డబ్బా శానా బాగుండాది. గట్టి అట్ట. బీపీ మాత్రలు పెట్టుకునేదానికి ఇట్లాంటిది నాకు యాడా దొరకలే. మంచి మాట అయిపోయింది. ఇంగ ఎద్దును సూద్దాం."

చంద్రశేఖర్ డబ్బా లాక్కోబోయాడు.

"పాపా మల్లికా, లెక్కపెట్టు."

"ఒకటి, రెండు, మూడు... నాలుగు తాతా!"

"ఇన్నారా! పోయిన తూరి మూడే. అది సాలక ఈ తూరి నాలుగో సుడి పెట్టుకోని వచ్చినారు! ముట్టుకుంటే జ్వరమొచ్చిన పిల్లోని మాదిరి కాలతాండాది. నర్సమ్మవు నువ్వు, రోగులకు సూదేస్తావా, దీనికి సూదేస్తావా?"

జనం నవ్వుల్లో షాపు దద్దరిల్లింది. మల్లిక నవ్వలేక పొట్ట పట్టుకుంది. "వద్దు మా, ఈ జ్వరం ఫోను నాకొద్దు. ఆ చిన్నది సాలు," అంది. "ఊఁ, మేస్తాది పో," అన్నాడు మారెప్ప.

చంద్రశేఖర్ సరుకంతా సర్దుకుని, నౌషాద్ బతిమాలుతున్నా వినకుండా, రోడ్డు దాటి ఎదురు షోరూములోకి పోయాడు. ఎలుగుబంటి కూడా తలకాయ తగిలించుకుని వెనకే పోయింది.

నౌషాద్ స్టూలు మీద కూలబడ్డాడు. "నీకు నేనేం ద్రోహం చేసినా మారెప్పా? నా నోటికాడి కూడు తన్నేస్తివి కదా!"

మారెప్ప తల వంచుకుని టవాలు మడత పెట్టుకుంటున్నాడు. జవాబు పుట్టమ్మ చెప్పింది. కూతురు కొత్త ఫోనుతో మెట్ల దగ్గర ఫోటోలు తీసుకుంటుంటే, గొంతు తగ్గించి చెప్పింది.

"ఆయప్పను ఏమనొద్దు నాయనా. మా ఇంటాయన ఉన్నప్పుడు మా ఎద్దుల బేరాలన్నీ ఈయప్పే తెంచేది. ఇందాక టవాలు కింద నా కాడ ఎంత ఉండాదో ఏలితో చెప్పినా. అంతే. బిడ్డ ముందర లేదని నోటితో అనేదానికి నాకు నోరు రాదు నాయనా. అది ఇంత కష్టపడి సీటు తెచ్చుకుంటే, నవ్వుకుంటా పోవాల కానీ ఏడ్చుకుంటా పోకూడదు కదా."

నౌషాద్‌కు అమరాపురం హనుమంతు గుర్తొచ్చాడు, టవాలు కింద అతని చేయి గుర్తొచ్చింది. నాగరాజు చేయి మారెప్ప పట్టుకోనే లేదన్నదీ గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ ఈ మనిషి చూసింది ఫోన్ల వీపులు కాదన్నమాట! కడుపునిండా ఉన్న కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"మరి ఆ పొద్దు కండ్లద్దాలు మరిసిపోయినా అంటివే?"

"నాకు కండ్లద్దాలు యాడుండాయప్పా?" అన్నాడు మారెప్ప.

నిజమే. ఇన్నేళ్ళలో ఆయన మొహాన కళ్ళద్దాలు చూసినవాడే లేడు. లేని అద్దాల కోసం పూటపూటా అల్లాను వేధించినందుకు నౌషాద్‌కు సిగ్గేసింది.

డీలర్‌షిప్పు పోయింది. షాపు మాత్రం పోలేదు. ఆ లైవ్‌లో పిల్లలు నాలుగు సుడులను చూశారు, పెద్దవాళ్ళు టవాలును చూశారు. సంతలు ఎరిగిన మనుషులకు విడమరిచి చెప్పాలా? మరుసటి రోజు నుంచే పెనుకొండ వాళ్ళు, ధర్మవరం వాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని బస్సుల్లో దిగడం మొదలుపెట్టారు. "సుడుల తాతను చూద్దాం పా," అని పిల్లల్ని తెచ్చేది, మెల్లగా చేయి టవాలు కిందికి పోనిచ్చేది. చిన్న ఫోన్లు వేరుశనక్కాయల్లా అమ్ముడుపోయాయి. ఎదురుగా ఎలుగుబంటికి మాత్రం పని తగ్గి, ఎక్కువసేపు మారెప్ప పక్కనే ఫ్యాను కింద కూర్చునేది.

దసరా నాటికి ఆ నాలుగు సుడుల ఫోను నౌషాద్ షాపుకూ వచ్చింది. సుహానా దాన్ని చేతిలోకి తీసుకుని, కెమెరా తెరిచి చూసి, ఏమీ అనకుండా మళ్ళీ డబ్బాలో పెట్టేసింది. అంగడిని నిలబెట్టిన ఆ వీడియోలన్నీ పగిలిన ఫోనుతో తీసిన పిల్ల అది. నౌషాద్ చూశాడు. వచ్చి మారెప్ప పక్కన కూర్చుని, నోరు విప్పకుండా టవాలు కిందికి చేయి పోనిచ్చాడు.

మారెప్ప కనుబొమలు పైకి లేచాయి. "అయిదు వేళ్ళూనా? ఎంతైనా సరేనా?" అన్నట్టు చూశాడు. నౌషాద్ తలూపాడు.

మారెప్ప లేచి ఆ ఫోను తెప్పించుకుని, వెనక్కి తిప్పి, ముందుకు తిప్పి చూసి సుహానా చేతిలో పెట్టాడు.

"సుడులా? యాడుండాయి? ఇది శానా మంచి ఫోను పాపా. తీసుకో."

సుహానా అదిరిపడింది. "తాతా! ఏమంటివి? ఉండు, ఉండు, రికార్డు చేస్తా, మళ్ళా ఒక్కసారి చెప్పు!"

"సెప్పేది ఒక్క తూరే," అని మారెప్ప టవాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నౌషాదూ, ఆ ఫ్యాను ఇట్ల తిప్పప్పా. ఎలుగ్గొడ్డుకే గాలంతా పోతాండాది."