చిలక ముక్క

పెడనలో బట్టల కొట్టు షావుకారు గారు అట్టముక్కల మీద కలంకారీ అచ్చులతో చిలకలూ నెమళ్లూ అద్ది, సొంతంగా ఒక పేకాట కనిపెట్టారు. ఎదుటివాళ్లని బావా, మావయ్యా అని వరస పెట్టి పిలిచి ముక్క అడగాలి. పేరు పెట్టి పిలిస్తే ఓడినట్టే. ఆట అవగానే "ఎవరు గెలిచారండీ?" అని గల్లాపెట్టె దగ్గర్నుంచి కేకేసేవారు.

ఒక వానరోజు, చేను గట్టు తగాదాతో మాటలు మానేసిన అన్నదమ్ములిద్దరు నా కళ్లముందే ఆ కొట్టులో చిక్కుబడ్డారు. ఫోన్లలో తలలు దూర్చుకుని కూర్చున్న వాళ్లకి షావుకారు గారు ముక్కలు పంచారు.

తమ్ముడు తన ముక్కల్ని మార్చి మార్చి సర్దుకున్నాడు. చివరికి, "అన్నయ్యా, చిలక ఉందా?" అన్నాడు.

అన్న తన ముక్కలన్నీ అతని ముందు పరిచేశాడు. "ఏది కావాలో తీసుకోరా."

నేను అబ్బురంగా షావుకారు గారి వైపు చూశాను. ఎవరు గెలిచారని ఆ రోజు ఆయన అడగలేదు.