సముద్రం పాలైన తేయాకు

వూయీ కొండల్లో దెంగ్ మావోలిన్ చేతిని నమ్మినట్టు పంచాంగాన్ని కూడా నమ్మేవారు కాదు. తేయాకుకు సెగపెట్టే వెదురుబుట్ట మీద ఒక్కసారి చెయ్యి ఆనించి, అడుగున నిప్పుల మీద బూడిద కప్పాలో తియ్యాలో చెప్పేసేవాడు. మనిషి మంచివాడే గాని తిండి దగ్గర పేచీకోరు. తాను సెగపెట్టిన ఆకు ఇంతవరకు ఒక్క పెట్టె కూడా తిరిగి రాలేదన్నదే అతని ఆస్తి. అంతకు మించి ఆస్తి లేదు కూడా.

ఆ ఏడు శరత్కాలపు పున్నమి పండుగ వెళ్లాక, మోతకూలీల మేస్త్రి ఫాన్ కాంటన్ రేవు నుంచి తిరిగొచ్చాడు. ఊరి టీ అంగట్లో కూర్చుని కబురు విప్పాడు.

"ఎర్రజుట్టు తెల్లోళ్ల దేశంలో ఏదో రేవంట. మన కొండ టీ పెట్టెల్ని ఓడ మీదే పగలగొట్టి సముద్రంలో పారబోశారంట."

మావోలిన్‌లాగే సెగ పని చేసే జువో ఊరుకుంటాడా? "పాపం చేపలు. మావోలిన్ అన్నా, వాటికి పొగ పడుతుందో లేదో ముందే కనుక్కోవాల్సింది" అన్నాడు.

అంగడంతా నవ్వింది. మావోలిన్‌కు మాత్రం ఆ మాట సూటిగా తగిలింది. రెండేళ్ల కిందట కోతల కాలమంతా వాన వదల్లేదు. తడి ఆకు కుళ్లిపోతుందన్న భయంతో అతను దేవదారు కట్టెలు రాజేసి, ఆ పొగలోనే ఆరబెట్టాడు. పొగకంపు పట్టిన ఆ ఆకునే ఎర్రజుట్టువాళ్లు సముద్రంలో కలిపారని అతనికి రూఢి అయిపోయింది. తిన్నగా తోట యజమాని దగ్గరికి వెళ్లి, వచ్చే ఏడు సెగ పని ఇంకొకరికి ఇచ్చుకోమని చెప్పేశాడు.

ఇంటికొచ్చాక భార్య సూజెన్ అడిగింది. "తాగి పారబోశారా, తాగకుండానే పారబోశారా?"

"మంచిదైతే ఎవడైనా సముద్రంలో పోస్తాడటే?"

"మా నాన్న పంపిన సారా నువ్వు పెరట్లో పారబొయ్యలా? బాగోలేకనా? ఆయన మీద కోపంతో కాదూ?"

సూజెన్ ఒక జాడీ నిండా ఊరవేసిన వెదురుమొలకలు పట్టుకెళ్లి ఫాన్ చేతిలో పెట్టింది. "మరిదీ, ఈసారి అసలు సంగతి తెలుసుకోకుండా వచ్చావో, నా గడప తొక్కకు."

శీతకాలమంతా మావోలిన్ ఎవరూ అడగని బుట్టలు అల్లుతూ కూర్చున్నాడు. చలి తగ్గి పురుగులు నిద్రలేచే పండుగ రోజు దగ్గరపడింది. ఆ రోజు ఊరంతా డోలు కొట్టి, "టీ, మొలకెత్తు" అని కొండను కేకేసి లేపాలి. ఏటా ముందు నిలబడే మావోలిన్ ఈసారి రానన్నాడు. ఆ ముందురోజే ఫాన్ ఊళ్లోకి వచ్చాడు. సూజెన్ అతన్ని కాళ్లు కడుక్కోనివ్వకుండా ఇంట్లోకి లాక్కొచ్చింది.

"వాళ్లకీ ఓ రాజున్నాడంట, సముద్రానికి అవతల" అన్నాడు ఫాన్. "టీ మీద పన్నేశాడంట. కట్టం పొమ్మని, మొహాలకు మసి పూసుకుని, ఓడెక్కి పారబోశారు. ఒక్క గుక్క తాగలేదు."

"అత్త మీద కోపం దుత్త మీద" అంది సూజెన్.

మావోలిన్‌కు నమ్మకం కుదరలేదు. "పన్నుకేనా ఇంత రభస? మనం కట్టట్లా? మనల్ని ఏలడానికి మంచూ దొరలొచ్చి నెత్తి గొరిగించుకోమంటే మన తాతలు గొరిగించుకున్నారు. జడేసుకోమంటే వేసుకున్నారు. అంతమాత్రాన కొండని తీసుకెళ్లి ఏట్లో కలిపారా?"

సూజెన్ లేచి తలుపేసింది. "రేపు కొండని లేపే వేడుకకు ఆ దొరల న్యాయాధికారే వస్తున్నాడు. గొరిగించుకోడానికి తలైనా మిగలనియ్."

"వీడు నన్ను ఓదార్చడానికి కథలల్లుతున్నాడే" అన్నాడు మావోలిన్.

"కథలా?" ఫాన్‌కు ఉక్రోషం వచ్చింది. "ఇంకోటి విను వదినా. పారబోసేవాళ్లలోనే ఒకడు, ఎవరూ చూడట్లేదనుకుని, కోటు అస్తరులో టీ కుక్కుకున్నాడంట. పట్టుకుని కోటు చింపి, వొళ్లు చితకబాదారంట."

మావోలిన్ అల్లుతున్న బుట్ట కింద పెట్టాడు. "ఎంత కుక్కుకున్నాడు?"

"కోటు ఉబ్బేంత."

"దొరికితే తంతారని తెలిసేనా?"

"తెలిసే."

మావోలిన్ చాలాసేపు తన చేతులే చూసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పొయ్యి పొగ అని సూజెన్‌తో అన్నాడు గాని, పొయ్యి ఇంకా అంటించనేలేదు.

మర్నాడు డోలు మోగగానే అందరికంటే ముందు అతని కేకే లేచింది. న్యాయాధికారి ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశాడు.

ఆ వసంతంలో తొలి సెగ తీశాక, మావోలిన్ ఎప్పటిలాగే కొండదేవుడికి ఒక గిన్నె టీ పెట్టాడు. దాని పక్కనే ఇంకో గిన్నె పెట్టి నిండా పోశాడు.

"ఇదెవరికన్నా?" అని అడిగాడు జువో.

"కోటువాడికి" అన్నాడు మావోలిన్.