చాల్లో కూలబడిన కోడె

చోమా పట్నం దగ్గరి టోంగా తెగ పల్లెల్లో మొగుడు పోయిన ఇంటికి చుట్టాలు ఉత్తచేతులతో వస్తారు, పశువులతో వెళ్తారు. ముటింటా మొగుడు పోయినప్పుడూ అంతే జరిగింది. దుక్కి ఎద్దుల్ని మొగుడి తరఫువాళ్లు తోలుకుపోగా, కాడి ఎరగని రెండు కోడెలు మిగిలాయి. తొలివానలు పడ్డాయి. దున్నకపోతే ఆమెకూ చిన్నకూతురు లుయాండోకూ ఆ ఏడు పస్తే.

మరిది హంబాయి జాలిపడి సాయానికి వచ్చాడు. నల్లకోడె ఎలాగో నడిచింది. బొల్లికోడె మాత్రం కాస్త దూరం పోయి చాల్లోనే కూలబడింది. హంబాయి కొరడాతో బాదాడు, తోక మెలిపెట్టాడు. అది కళ్లు మూసుకుని దెబ్బలు తిందే తప్ప లేవలేదు. చెయ్యి నొప్పిపుట్టి చివరికి అతనే కాడి విప్పాడు. విప్పీ విప్పగానే అది లేచి, ఒళ్లు దులుపుకుని మేతకు పోయింది. మర్నాడూ అదే తంతు. ఆ మర్నాడు కాడి మెడ మీద పడకముందే చతికిలబడింది.

"కోసి తినేద్దాం వదినా. కూరకైనా పనికొస్తుంది."

ముటింటా గట్టు మీద కూర్చుని ఏడ్చింది. పక్క చేలల్లో మొక్కజొన్న మొలకెత్తుతోంది. తీరిగ్గా మేస్తున్న కోడెను చూస్తుంటే ఉన్నట్టుండి ఆమెకు తట్టింది.

"పడుకుంటే కాడి దిగుతుందని మనమే నేర్పాం మరిదీ. అది బాగానే నేర్చుకుంది."

"అయితే బడి పెట్టు పంతులమ్మా! పలకా బలపం నేను తెస్తా," అని హంబాయి తన చేను దున్నుకోవడానికి వెళ్లిపోయాడు.

మర్నాడు కోడె పడుకుంటే ఆమె కొట్టలేదు, కాడీ విప్పలేదు. పక్కనే కూర్చుంది. ఎండ నడినెత్తికి వచ్చాక దాహానికి తాళలేక అదే లేచింది. నాలుగడుగులు వేయనిచ్చి, ఆపి, అరచేతిలో ఉప్పు నాకించి, అప్పుడు కాడి దించింది. ఆ తర్వాత సగం చాలు నడిస్తేనే ఉప్పు. ఇంట్లో ఉప్పంతా కోడెకే పోయింది. తల్లీకూతుళ్లు చప్పిడి అంబలి తాగారు.

"నేనూ పడుకుంటే ఉప్పు పెడతావా అమ్మా?"

"నడిస్తేనే తల్లీ. పద, ముందుండి తాడు పట్టుకో."

ఒకనాడు ఆకలి మంటకు ఓర్చుకోలేక, ఆగిన కోడెను కర్రతో ఒక్కటేసింది. అది దబ్బున కూలబడింది. ఇన్నాళ్ల శ్రమ మళ్లీ మొదటికి వచ్చింది. ముటింటా దాని మెడ మీద వాలిపోయి, "నన్ను చంపకురా తండ్రీ, లేవరా," అని బతిమాలింది.

కోడె దారికొచ్చి, ముటింటా సగం చేను దున్ని విత్తేసరికి ఊరంతా కలుపు తీస్తోంది. ఆలస్యపు పైరు పూతకొచ్చే వేళకు వాన ముఖం చాటేసింది. కంకులు గింజ పట్టలేదు.

చలికాలం రాకముందే లుసాకా నగరం నుంచి ఆమె అక్క వచ్చి, పిల్లకైనా తిండి దొరుకుతుందని లుయాండోను వెంటబెట్టుకుపోయింది. ఆ పూట ముటింటా పొయ్యి మీద ఎసరు పెట్టి, ఒక్క మనిషికి ఎంత పిండి పోయాలో తెలియక, పిడికిట్లో పిండి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.