మూసిన తలుపు కింది గడప

మా ఇల్లు కట్టిన మేస్త్రి చాచా పోయారు. ఆయన కొడుకు ఫోన్ చేసి "అక్కా, అబ్బా పోయిండు. పొద్దున చాయ్ తాగుకుంట తాగుకుంటనే" అన్నాడు. కరీంనగర్‌లో చాచా కట్టిన ఇళ్లలో ఉంటున్నవాళ్లు చదువుతారని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నిజం చెప్పాలంటే ఆయన లేరన్నప్పటి నుంచి ఈ ఇంట్లో నాకు భయంగా ఉంది. అందుకు కూడా రాస్తున్నాను.

చాచాకు ఒక అలవాటు ఉండేది. ఇల్లు అప్పజెప్పే ముందు పట్టపగలే చెప్పులు విడిచి, కళ్లు మూసుకొని, ఒక్కరే అన్ని గదులూ తిరిగేవారు. కాలు ఎక్కడ జంకితే అక్కడ బొగ్గుతో గీత గీసేవారు. మెట్టు అర అంగుళం తేడా ఉందనో, నడవ మరీ ఇరుకైందనో మళ్లీ పగలగొట్టించేవారు. అంతా బాగానే ఉంది కదా అని నేను సణిగితే, "కన్నుకు మంచిగనే ఉంది బిడ్డా, కాలుకు భయమైతుంది" అనేవారు. లెక్కల టీచర్ని, నాకే కొలతలు నేర్పుతున్నాడేంటి ఈయన అని ఒళ్లు మండేది.

ఇంట్లో దిగిన మూడో ఏడు మా ఆయన గుండెకు స్టెంట్ వేశారు. పరామర్శకు వచ్చిన ఆఫీసు మనిషొకడు, పోతూ పోతూ "నైరుతిల దర్వాజ పెట్టుకున్నరేంది? ఇంటి యజమానికి మంచిది గాదు" అని ఒక మాట పడేసి పోయాడు. మేము మిషన్ చర్చికి పోయేవాళ్లం, వాస్తు మాకెందుకు? అయినా నాలుగు రోజులు నాకు ముద్ద దిగలేదు. మాతోనే ఉండే మా అవ్వకు, అంటే మా అమ్మకు, చెబితే "ప్రార్థన సాలలేదా?" అని నిలదీస్తుంది. అందుకే ఆమె కాగజ్‌నగర్‌లో మా చెల్లె ఇంటికి వెళ్లి నెల రోజులున్నప్పుడు చాచాను పిలిచి, పెరట్లోకి పోయే ఆ తలుపు మూయించాం.

చాచాకు ఇష్టం లేదు. ఇటుక పేర్చారు గానీ గడప మాత్రం పీకనన్నారు. "మూసిన దర్వాజ కింద గడప ఉండనియ్యాలె. మా ఉస్తాద్ నేర్పిన పద్ధతి. రేపు మీరే తొవ్వ కావాలంటరు." గడప మీద టైల్స్ పరిచారు. గోడ కింద రెండు వేళ్ల ఎత్తున సన్నటి గట్టు మిగిలింది. సున్నం వేశాక ఎవరు చూసినా అది వట్టి గోడే.

అవ్వకు చూపు తక్కువ. రోజూ ఆ తలుపులోంచే పెరట్లోకి పోయి సాయంత్రపు ఎండలో కూర్చునేది. ఊరి నుంచి వచ్చిన మర్నాడు అలవాటుగా నడిచి గోడకు కొట్టుకుంది.

"ఇక్కడ దర్వాజ ఉండె గద బిడ్డా?"

నా నోటికేం రోగం వచ్చిందో! "ఏడ దర్వాజ అవ్వా? పెరట్లకు ఎప్పుడన్న వంటింట్ల నుంచే గదా" అన్నాను. పక్కన మా ఆయన కూడా తలూపాడు.

అంతే, అవ్వ బెదిరిపోయింది. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, అరచేత్తో తడిమి చూసుకొని, అప్పుడు కాలు పెట్టేది. కొన్నాళ్లకు గదిలోంచి రావడమే మానేసింది. డాక్టరు మతిమరుపన్నాడు, గోలీలు రాశాడు. ఆ గోలీలు నా చేతులతోనే మింగించాను. ఇంతకంటే పాపం ఇంకేముంటుంది?

ఇంకో సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఆ గోడ దగ్గరికి పోతే నా కాలు గడప దాటబోతున్నట్టు దానంతటదే పైకి లేచేది. ఎదురుగా చూస్తే గోడ. అన్నీ తెలిసిన నాకే అట్లా ఉంటే అవ్వకెట్లా ఉండాలి? ఒకరోజు ఆమె అన్నది: "నా కాలు ఉందంటుంది. మీరు లేదంటున్నరు. నేను ఎవల్ని నమ్మాలె?" అప్పుడైనా చెప్పానా? లేదు. తలుపు తెరిస్తే మా ఆయనకు ఏమవుతుందోనని హడలిపోయాను.

వానలకు స్లాబు కారుతోందని చాచాను పిలిచాం. చాయ్ తాగుతుంటే ఆయన గొంతు విని అవ్వ గోడ పట్టుకొని వచ్చింది.

"మేస్త్రీ, గీ ఇల్లు కట్టింది నువ్వే గదా. గీడ దర్వాజ ఉండెనా?"

వద్దని నేను కళ్లతో సైగ చేశాను. చాచా నన్ను చూశారు. గ్లాసు కింద పెట్టారు.

"ఉండె అక్కా. నేనే మూసిన. గీ చేతులతోటే."

అవ్వ కుర్చీలో కూలబడి "నాకు పిచ్చి లేదు, నాకు పిచ్చి లేదు" అన్నది.

చాచా నన్ను వరండాలోకి పిలిచి చెడామడా తిట్టారు. "దిల్‌ల బీమారి ఉంటె దవాఖానల చూపియ్యాలె, గోడలకు కాదు. ఇల్లే మనిషిని భయపెడితె ఆమె ఏడికి పోతది?"

"మా ఆయనకేమన్న అయితె చాచా?" అని ఏడ్చాను.

"నాకు గూడ భయమే బిడ్డా. అయినా తెరుస్త."

మర్నాడు ఎవరినీ అడగకుండా సుత్తి, ఉలి తెచ్చుకొని గోడ పగలగొట్టి, పాత తలుపునే మళ్లీ బిగించారు. మా ఆయనకు ఏమీ కాలేదు. దుమ్ముకు రెండు రోజులు దగ్గాడు, అంతే.

అవ్వ మాత్రం దాటలేదు. చాచా ముందు తాను దాటి, అవతల నిలబడి చెయ్యి చాపి "రా అక్కా, ఏం లేదు" అంటేనే కదిలింది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం నమాజ్ అయ్యాక వచ్చేవారు. ముందు ఆయన, వెనక అవ్వ. ఇద్దరూ ఎండలో కూర్చొని మోకాళ్ల నొప్పుల ముచ్చట్లు పెట్టుకునేవాళ్లు. వారంలో ఆ ఒక్కరోజే ఆమె పెరట్లోకి పోయేది. నేను పిలిస్తే ఒక్కనాడూ రాలేదు. తప్పు నాదని తెలిసినా నాకు రోషమొచ్చేది.

ఆయన పోయిన మర్నాడే శుక్రవారం. మధ్యాహ్నం అవ్వ ఉతికిన చీర కట్టుకొని తలుపు ముందు నిలబడింది. ఈసారి అబద్ధం ఆడదలచుకోలేదు.

"చాచా ఇంక రాడవ్వా. పోయిండు."

"నిజమా?"

"నిజమే."

అవ్వ నా గొంతు వైపు తిరిగింది. "దర్వాజ లేదన్ననాడు గూడ నువ్వు గిట్లనే చెప్పినవ్" అన్నది.

తలుపు బార్లా తెరిచి ఉంది. అవ్వ చెయ్యి చాపి, గోడకు ఆనించినట్టే అరచేతిని ఆ ఖాళీకి ఆనించింది. "మేస్త్రీ, ముందుగాల నువ్వు దాటు" అని పెరట్లోకి కేకేసింది. ఆమె వేళ్ల మీద ఎండ పడుతోంది. చెయ్యి దించకుండా అట్లాగే నిలబడింది. ఆ ఖాళీలో నా చేతికీ గోడే తగులుతుందేమోనని నేను దగ్గరికి పోలేదు.