పదకొండుమందిలో లోరీన్

లోరీన్ టాకెట్‌ను మొన్న శనివారం మట్టి చేశాం. పాదిరిగారు ఆమె వంటను మెచ్చుకున్నారు, చర్చి కోసం చేసిన చాకిరీని మెచ్చుకున్నారు, ఆమె జీవితంలో అన్నిటికంటే పెద్ద సంగతిని మాత్రం తెలివిగా దాటేశారు. ఎందుకు దాటేశారో అక్కడ కూర్చున్న వాళ్లందరికీ తెలుసు. నాకు ఒళ్లు మండింది. ఆమెను వెనకేసుకు రావడానికి నేను ఆమె పార్టీదాన్ని కూడా కాను. అయినా ఒక మనిషిని పాతిపెడుతున్నప్పుడు ఆమె కథను సగం చేసి పాతిపెట్టడం ఏం మర్యాద?

మిల్ ఫోర్క్ బడిలో రెండు తరాల పిల్లలు లోరీన్ చేతి కూడు తిన్నారు. ఉడికించిన బంగాళాదుంప ముద్ద మీద నూడుల్స్ పోసి పెడితే ఎంత మొండిపిల్లాడైనా పళ్లెం నాకేవాడు. అక్టోబరులో మా పెరట్లో పర్సిమన్ పళ్లు రాలితే సగం ఆమెవి, అవి పుడ్డింగై తిరిగొస్తే సగం నావి. ఎన్నికలప్పుడు మాత్రం ఇద్దరికీ మధ్య వీధి అడ్డం. ఆమె గుమ్మం ముందు వాళ్ల పార్టీ బోర్డు, నా గుమ్మం ముందు మా పార్టీ బోర్డు. మా దక్షిణ ఇండియానాలో ఆమె పార్టీ వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆమె పిచ్చి వేరు. మా దగ్గర అధ్యక్షుడికి ఓటేశామని అనుకుంటాం గానీ, నిజానికి వేసేది మా రాష్ట్రం వంతుకొచ్చిన పదకొండుమంది మనుషులకి. ప్రతి పార్టీ ఎండాకాలంలో జరిగే సభలో తన పదకొండుమందినీ ఎంచుకుంటుంది. నవంబరులో రాష్ట్రం మొత్తం మీద ఎవరికి ఒక్క ఓటు ఎక్కువొచ్చినా వాళ్ల పదకొండుమందీ డిసెంబరులో రాష్ట్ర రాజధానికి వెళ్లి అసలు ఓటు వేస్తారు. ఓడినవాళ్ల పదకొండుమందీ ఇంట్లో చలి కాచుకుంటారు. దేశమంతటా ఇలా పోగైన ఓట్లలో రెండువందల డెబ్బై ఎవరికొస్తే వాడే అధ్యక్షుడు. లోరీన్ చిన్నప్పుడు, పెద్దయ్యాక అధ్యక్షుడికి ఓటేస్తానని బళ్లో అంటే, అది నీవల్ల కాదమ్మా, కొంతమందే వేస్తారని టీచరమ్మ నవ్విందట. అయితే ఆ కొంతమందిలో నేనుంటానని అప్పుడే అనుకుంది. పట్టిన పట్టు విడిచే రకం కాదు.

ఇంటింటికీ తిరిగింది, ముసలివాళ్లను కారెక్కించుకుని పోలింగుకు తీసుకెళ్లింది, పార్టీ విందులకు కుండలకొద్దీ వండింది. చివరికి వాళ్లు ఆమె పేరు పదకొండుమందిలో చేర్చారు. ఆ ఏడు వాళ్లు ఓడిపోయారు. మళ్లీ చేర్చారు, మళ్లీ ఓడారు. మా రాష్ట్రం మా పార్టీది, అది సూర్యుడు తూర్పున పుట్టినంత ఖాయం. ప్రతి నాలుగేళ్లకూ నేను పుడ్డింగు గిన్నె తిరిగివ్వడానికి వెళ్లి, "ఏమే, ఈసారి కూడా పెళ్లి లేని పెళ్లికూతురివేనా?" అనేదాన్ని. "నవ్వవే, నవ్వు. నువ్వు ఏడ్చే రోజొకటి వస్తుంది," అనేది.

అలాంటి ఒక ఎన్నికల ఏడు, వసంతంలో, పోస్టాఫీసు చూసే ఓపల్ మెట్ల మీద నుంచి పడి తుంటి విరగ్గొట్టుకుంది. కిటికీ దగ్గర కూర్చునే మనిషి లేకపోతే ఆఫీసు మూసేస్తామన్నారు పైవాళ్లు. మా ఊళ్లో బడి అప్పటికే పోయింది, కిరాణా కొట్టు పోయింది. మిగిలినవి చర్చి, పోస్టాఫీసు. ముసలివాళ్లకు మందులు అందులోనే వస్తాయి, పొద్దున్నే పోచుకోలు కబుర్లూ అక్కడే. లోరీన్ వెళ్లి కూర్చుంది. ఎవరూ బతిమాలలేదు. అలాంటి మనిషి. జూన్‌లో పార్టీ సభలో ఎప్పటిలాగే ఆమె పేరు చదివారు, ఎప్పటిలాగే అందరూ చప్పట్లు కొట్టారు. నువ్వు ఏం పని చేస్తున్నావని ఎవరూ అడగలేదు. ఎలాగూ ఓడిపోయే జట్టుకు ఆరాలెందుకు?

నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఆ నవంబరులో మా రాష్ట్రం వెంట్రుకవాసిలో ఆమె పార్టీ వైపు మొగ్గింది. తెల్లవారేసరికి లోరీన్ రాత్రి గౌనుతోనే వీధి దాటి వచ్చి మా వంటింట్లో కూర్చుంది. ఏడుస్తోంది. ఓడిపోయింది నేను, కాఫీ కలిపి ఇచ్చిందీ నేనే. కడుపులో మంట ఉన్నా, ఆ ముఖం చూసి సంతోషం కూడా వేసింది. ఆ రెండూ ఒకే కడుపులో ఎలా ఇమిడాయో నాకు ఇప్పటికీ తెలియదు.

వారం తిరగకముందే పార్టీ వకీలు ఫోన్ చేశాడు. వైడ్నర్ అని, మాట మెత్తనివాడు. కేంద్ర ప్రభుత్వ కొలువులో ఉన్నవాళ్లు ఆ పదకొండుమందిలో ఉండకూడదని రాజ్యాంగంలో ఉందట. పోస్టాఫీసు కిటికీ కొలువు కిందికి వస్తుందా రాదా అని వాదించుకోవచ్చట గానీ, అవతలివాళ్లకు సందు ఇవ్వడమెందుకని అతని బాధ. చేతికందింది నోటికందలేదని లోరీన్ కూలబడిపోయింది. అప్పుడతను దారి కూడా చెప్పాడు. ముందు ఉద్యోగం మానేయాలి. పేరు ఎంచుకున్ననాడు ఆమె కొలువులో ఉంది కాబట్టి, డిసెంబరు సమావేశం రోజు ఆమె స్థానం ఖాళీగా ఉందని ప్రకటిస్తారు, తక్కిన పదిమందీ కలిసి ఆ ఖాళీలో ఆమెనే కూర్చోబెడతారు.

పోస్టాఫీసు పై అధికారికి ఆమె ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. కొత్త మనిషిని తీసుకోవాలంటే పరీక్షలు, విచారణలు, నెలలు పడతాయన్నాడు. అప్పటిదాకా తలుపుకు మూసేశామని నోటీసు అంటిస్తాడట. ఒకసారి మూశాక తిరిగి తెరవడమనేది తన చేతుల్లో ఉండదన్నాడు.

"ఆగవే," అన్నాను ఫోన్ పెట్టేశాక. "మీవాడికి మన రాష్ట్రం లేకుండానే రెండువందల డెబ్బై దాటిపోయాయి. నీ స్థానంలో ఏ పిల్లి కూర్చున్నా ఆయనే గెలుస్తాడు."

"నాకు తెలుసు."

"తెలిసి మరి?"

"వాడికోసం కాదు మార్సెల్లా. నా కోసం. జన్మలో ఒక్కసారి నా కోసం." మళ్లీ తనే, "తెరుస్తార్లే. నెల ఓపిక పడితే మళ్లీ నేనే వెళ్లి కూర్చుంటాను," అంది.

ముందురోజు ఉద్యోగం మానేసింది. మంచు పడుతుంటే రాజధానికి నా కారులోనే తీసుకెళ్లాను. నేను పైన జనంలో కూర్చున్నాను. తంతు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. పదిమందీ చేతులెత్తి లోరీన్‌ను పదకొండో మనిషిగా ఎన్నుకున్నారు. అధ్యక్షుడికో చీటీ, ఉపాధ్యక్షుడికో చీటీ రాశారు. లెక్కపెట్టారు. తర్వాత ఒకే పత్రానికి ఆరు ప్రతులు, ఆరింటి మీదా అందరూ సంతకాలు పెట్టాలి. తక్కినవాళ్లు బరబరా గీకేశారు. లోరీన్ మాత్రం బళ్లో పిల్లలా నాలుక పంటికింద పెట్టుకుని ఒక్కో అక్షరం దిద్దింది. వెనకున్న వకీలు వైడ్నర్ గడియారం చూసుకున్నాడు. నాకు వాడి చెంప పగలగొట్టాలనిపించింది. ఆరో సంతకం అయ్యాక తలెత్తి నాకోసం వెతికింది. నేను చెయ్యూపాను. ఆమెను అంత అందంగా నేనెప్పుడూ చూడలేదు, మొగుడు ఎల్డన్‌తో పెళ్లినాడు కూడా.

తిరిగొచ్చేసరికి పోస్టాఫీసు తలుపుకు కాగితం అంటించి ఉంది.

నెల గడిచింది. లోరీన్ మళ్లీ దరఖాస్తు పెట్టింది, ఫోన్లు చేసింది, అందరిచేతా సంతకాలు పెట్టించి పంపింది. పై అధికారి మారాడు. కొత్తాయన మర్యాదగా మాట్లాడి, హైవే పక్కన వరసగా ఇనప పెట్టెలు పాతించాడు, మీ ఉత్తరాలు అందులో వేస్తామన్నాడు. అడ్రసులో మిల్ ఫోర్క్ తీసేసి పక్క ఊరు బెథనీ పేరు రాయాలన్నారు. పొద్దున్నే అక్కడ చేరే ముసలాళ్లు ఎవరిళ్లల్లో వాళ్లు ఉండిపోయారు. యుద్ధంలో కాలు పోగొట్టుకున్న వర్జిల్ ఆ చలికాలం మందులకోసం పెట్టెల దాకా నడిచి మంచు మీద జారాడు. బతికాడు గానీ, కూతురొచ్చి ఇవాన్స్‌విల్ తీసుకుపోయింది. ఆ ఇంట్లో మళ్లీ దీపం వెలగలేదు.

ఊరు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చర్చి భోజనాల్లో లోరీన్ పుడ్డింగు గిన్నె నిండుగానే తిరిగి ఇంటికొచ్చేది. మా పార్టీవాళ్లు, వాడెవడికోసమో ఊరిని అమ్మేసిందన్నారు. ఆమె పార్టీవాళ్లు నోరు మెదపలేదు. నాలుగేళ్లకు రాష్ట్రం మళ్లీ మా వైపు వచ్చేసింది. ఆ ఎండాకాలం పార్టీ సభలో చదివిన పదకొండు పేర్లలో ఆమెది లేదు, ఎందుకు లేదో చెప్పాలని కూడా ఎవరికీ తోచలేదు. ఆమె ఓటేసిన మనిషికి మా ఊరు ఉందనే తెలియదు, ఇక అది చెరిగిపోయినా తెలియదు.

పార్సెళ్లేమైనా వస్తే బెథనీ వెళ్లి తెచ్చుకోవాలి. ఇద్దరం నా కారులోనే వెళ్లేవాళ్లం. లోరీన్ ఎప్పుడూ లోపలికి వచ్చేది కాదు, కారులోనే ఉండిపోయేది. ఆఖరిసారి వెళ్లినప్పుడు నేను ఆమె మందుల పొట్లం తెచ్చి ఒళ్లో పెట్టాను. దాని మీద ఆమె పేరు, కింద బెథనీ. అద్దంలోంచి రోడ్డు వైపు చూస్తూ మాట్లాడింది.

"ఆయనకి నా ఓటు అక్కర్లేదు మార్సెల్లా. ఊరికి నేను కావాలి. అది తెలిసే వెళ్లాను. తెరుస్తారని నీతో అన్నానే, అప్పుడు కూడా తెరవరని నాకు తెలుసు."

కాదే, నీకేం తెలుసు, నువ్వు ఊరికే నిన్ను నువ్వు తిట్టుకుంటున్నావు అనాలనుకున్నాను. ఒకసారి మూస్తే తెరవడం తన చేతుల్లో ఉండదని ఆ అధికారి అన్నప్పుడు, నేనూ ఆ ఫోన్ పక్కనే నిలబడి విన్నదాన్ని. కారు స్టార్ట్ చేశాను.