చీమలు పట్టని చక్కెర

మా ఇంట్లో చక్కెర డబ్బా ఎంత బిగించినా చీమలు పట్టేవి. అమ్మ పరేషాన్ చూడలేక, పటాన్‌చెరు తుక్కు దుకాణంలో మందుల ఫ్యాక్టరీ డబ్బా ఒకటి కొన్నాను. మా వైపు నీళ్ళ డ్రమ్ము నుంచి బియ్యం డబ్బా దాకా అన్నీ అక్కడివే, ఎవరూ వింతగా చూడరు. లేబుల్ గీకేసి, సబ్బు పొడితో మూడుసార్లు కడిగి, ఎండబెట్టి చక్కెర పోశాను.

నాలుగు రోజులు ఒక్క చీమ లేదు. మూత తెరిచి ఉంచినా రాలేదు.

"చూసినవా అమ్మా, డబ్బా అంటే గిట్లుండాలె!" అని మురిసిపోయాను.

"చాయ్ చేదు కొడుతుంది బిడ్డా," అంది అమ్మ.

"బీపీ గోలీలు మింగి మింగి నీ నోరు పాడైంది. చక్కెర చేదేంది?" అని కసురుకున్నాను. నాకు షుగర్. చక్కెర లేని చాయే తాగుతాను. ఒక్క పలుకు నాలుక మీద వేసుకుని చూసే బుద్ధి పుట్టలేదు.

ఐదో రోజు పొద్దున వంటగట్టు మీద చీమల బారు కనిపించింది. డబ్బా పక్కనే ఒలికిన చక్కెరను దాటి, మూలనున్న బెల్లం ముక్కకు పోతోంది. ఒక చీమ ఆగి, ఒక చక్కెర పలుకును మీసాలతో తడిమి, వెనక్కి తిరిగింది. ఇంకొకటీ అంతే. ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి, చీమలు మీసాలతో, కాళ్ళతో రుచి చూస్తాయని నాకు తెలుసు. తీపి కోసం గోడలెక్కే పురుగు తీపినే వదిలేసిందంటే అందులో ఇంకేదో ఉంది.

అల్మారాలోని విప్పని పొట్లం చింపి, కొత్త చక్కెర పక్కన పోశాను. బారంతా దాని మీద పడింది. ముందు గదిలో అమ్మ చాయ్ తాగుతోంది!

ఉరికి పోయి గ్లాసు లాక్కున్నాను. అప్పటికే సగం తాగేసింది.

సంగారెడ్డి ఆసుపత్రిలో డాక్టరమ్మ, డబ్బాలో ముందు ఏ మందు ఉండేదని అడిగింది. లేబుల్ గీకింది నేనే, ఏం చెప్పను? అమ్మ చేతినుంచి రక్తం తీస్తుంటే చూడలేకపోయాను. రిపోర్టు వచ్చేదాకా బల్ల మీద కూర్చుని నన్ను నేను తిట్టుకున్నాను. చివరికి డాక్టరమ్మ, "ఇప్పటికైతే భయం లేదు, వారానికి మళ్ళీ తీసుకురండి," అంది.

ఆటోలో ఇంటికి బయలుదేరాం. ఇల్లు దగ్గర పడుతుండగా అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నాలుగు దినాలు నేను మొత్తుకున్న, ఇనలే. చీమ చెప్తే ఇన్నవ్."